మందు తల్లికి – ఫలితం బిడ్డకు!

గర్భంలోని శిశువు గాలి పీల్చదు, అన్నం తినదు. మరి దానికి ఆక్సిజన్, ఆహారం ఎలా అందుతున్నాయి? తల్లి రక్తం సూటిగా బిడ్డ రక్తనాళాల్లోకి ప్రవహిస్తుందని మీరు అనుకుంటున్నారా? అలా జరగదు.

గర్భాశయపు గోడను అంటుకొని మావి అనే అవయవం ఉంటుంది. దీనినే జరాయువు అంటారు. ఇందులో ఒక పలుచని పొరకు ఒకవైపు తల్లి రక్తం, మరొకవైపు బిడ్డ రక్తం ప్రవహిస్తాయి. రెండూ కలవవు. ఆక్సిజన్, గ్లూకోజు మాత్రం పొరను దాటి, బొడ్డుతాడు ద్వారా బిడ్డను చేరతాయి.

గర్భిణి శరీరంలో రక్తం సుమారు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నెలలు నిండేసరికి ఒక్క గర్భాశయానికే నిమిషానికి 500 మిల్లీలీటర్లకు పైగా రక్తం కావాలి. ఆరోగ్యమైన గుండె ఈ భారాన్ని మోయగలదు. కాని కీళ్ళవాత జ్వరం వల్ల గుండె కవాటాలు చెడిన వారికి ఇది కష్టం. వారికి మందులు అవసరమవుతాయి.

ఆ మందులు బిడ్డపై రెండు విధాలుగా పనిచేస్తాయి. మొదటిది, పొరను దాటడం. వార్ఫరిన్, హెపారిన్ రెండూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే. వార్ఫరిన్ అణువు చిన్నది. అది బిడ్డను చేరి హాని చేయవచ్చు. హెపారిన్ అణువు చాలా పెద్దది కాబట్టి పొరను దాటలేదు. రక్తపోటు తగ్గించే ఎనలాప్రిల్ బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే గర్భిణులకు దాని బదులు వేరే మందు ఇస్తారు.

రెండవది, రక్తప్రవాహాన్ని మార్చడం. కాలువలో నీటిమట్టం పడిపోతే చివరి మడికి తడి అందదు కదా! అలాగే మందు వల్ల తల్లి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతే మావికి చేరే రక్తం తగ్గుతుంది. బిడ్డకు ఆక్సిజన్ చాలదు. అందుకే వైద్యులు రక్తపోటును మెల్లగా తగ్గిస్తారు.

ఈ దారి మేలుకూ ఉపయోగపడుతుంది. గర్భస్థ శిశువు గుండె సాధారణంగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. కొందరిలో అది 200 దాటుతుంది. అప్పుడు తల్లికి డిజాక్సిన్ వంటి మందు ఇస్తారు. అది మావిని దాటి బిడ్డ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. జబ్బు బిడ్డది, మందు మింగేది తల్లి!

మరి బిడ్డకు భయపడి తల్లి తన గుండె మందును మానేయవచ్చునా? కూడదు. ఆమె గుండె నీరసిస్తే మావికీ రక్తం అందదు. ఏ మందు మార్చాలో, ఎంత ఇవ్వాలో తేల్చవలసింది వైద్యుడే. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఈ మాట తప్పక చెప్పండి.