గోళ్ళరంగు వెల, గోటి మేలు: అపోహలు – వాస్తవాలు

ఒకే కొలత గల రెండు సీసాలలో ఒకటి నూరు రూపాయలకును మరియొకటి వేయికి పైగాను అమ్ముడగుచుండగా, వెల హెచ్చిన రంగు గోటికి మేలు కూడ హెచ్చుగా చేయునని కొనువారు నమ్ముట వింత గాదు. సీసాపై అచ్చొత్తిన పోషణము, బలము, ప్రాణవాయువు అను మాటలు ఆ నమ్మకమును మఱింత దృఢపఱచుచున్నవి.

వీనిలో పోషణమను మాటయే మొదటి అపోహ. మన కంటికి కనబడు గోరు కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవమైన పలక. దానిని నిర్మించు జీవకణములు గోటి మొదట చర్మము క్రింద మరుగుపడి యున్నవి, వానికి వలసిన ఆహారమును ప్రాణవాయువును రక్తమే చేర్చును గాని పైపూత చేర్చజాలదు. ఆషాఢమున గోరింటాకు పెట్టుకొన్న ఆడుబిడ్డ కార్తికమునాటికి తన గోటిని చూచుకొనినచో, ఆ ఎఱుపు మొదలు విడిచి కొనకు జరిగి చంద్రవంక వలె మిగిలి యుండును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుననుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము నాకు తోచదు. గోరు పూర్తిగా మాఱుటకు సుమారు ఆఱు నెలలు పట్టును. కాలి బొటనవ్రేలికి ఏడాది నుండి ఏడాదిన్నర. పది దినములలో కొత్తగోరు నిచ్చెదమను వాగ్దానము ఈ లెక్కకు నిలువదు. ఊపిరి పీల్చని గోటికి గాలి చొఱనిచ్చు రంగును వెదకి కొనుటయు నిట్టిదే.

బాల్యమున కొంగలబారు ఎగురుచుండగా చేతులాడించి గోళ్ళపై తెల్లని పూలు వేడుకొన్న మనమే, పెద్దవారమైన పిదప ఆ తెల్లమచ్చలను కాల్షియము లోపమని భయపడి, కాల్షియము కలిపిన పూతలకై అంగడికి పోవుచున్నాము. ఆ చుక్కలు చాలవఱకు గోటి మొదట తగిలిన చిన్నదెబ్బల గురుతులు. గోటిలో కాల్షియము నూటికి ఒకపాలు కూడ ఉండదు. దాని గట్టిదనమునకు ముఖ్యకారణము కెరటిన్‌లోని గంధకపు బంధములు.

గోటిని గట్టిపఱచు ద్రవముల విషయమున హెచ్చరిక అవసరము. వీనిలో కొన్నింట నుండు ఫార్మాల్డిహైడు కెరటిన్ పోగులను బిగించి, తొలి దినములలో గోటిని నిజముగనే గట్టిపఱచును. వాడుక కొనసాగిన కొలది ఆ బిగువే పెళుసుదనమై, వంగవలసిన గోరు విఱుగును. వెల యిచ్చి హానిని కొనితెచ్చుకొనుట యనగా నిదియే.

మఱి అధికమైన వెలకు ఫలమేమియు లేదా? కలదు, కాని అది అలంకరణకు సంబంధించినది. చవకదైనను ఖరీదైనదైనను సాధారణమైన గోళ్ళరంగునకు ఆధారము నైట్రోసెల్యులోజు, దానిని కరగించు ఇథైల్, బ్యూటైల్ అసిటేటులు. కుంచె పొందిక, వర్ణపు చిక్కదనము, మెఱుపు, పెచ్చులూడక నిలుచు దినములు, వీనిలో భేదముండవచ్చును. పెండ్లికో పేరంటమునకో ఆ అందమును కోరి కొనువారిని నేను తప్పుపట్టను. టోలీన్, ఫార్మాల్డిహైడు, డైబ్యూటైల్ థాలేటు లేవను ముద్ర చవక సీసాలపైనను కనబడును. కావున వెలను గాక పదార్థముల పట్టికను చదువుడు.

బయోటిన్ మాత్రలు, ఆ విటమిను లోపించినవారికి తప్ప, గోళ్ళకు మేలు చేయుననుటకు గట్టి నిదర్శనము లేదు. పైగా అధికమోతాదు గుండెపోటును గుర్తించు ట్రోపోనిన్ పరీక్షను తప్పుదారి పట్టించగలదని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించినది.

గోళ్ళు చీలుటకు తఱచైన కారణము పలుమాఱులు తడిసి ఆఱుట. అంట్లు తోమునపుడు రబ్బరు తొడుగులు వేసికొనుట, రాత్రివేళ రెండు చుక్కల కొబ్బరినూనె రాచుట, గోటి మొదటనున్న పలుచని పొరను కత్తిరింపకుండుట (అది తెగినచో గోరుచుట్టు లేచుటకు త్రోవ యేర్పడును), ఇవి ఏ సీసాకును తీసిపోవు. గోరు చెంచావలె గుంటపడినచో ఇనుము లోపము కావచ్చును, రక్తపరీక్ష చేయించుకొనుడు. కొత్తగా నల్లని చార పొడసూపినచో దానిని రంగుతో కప్పక చర్మవైద్యునికి చూపుడు.