అమ్ముగూడ నుంచి రోమ్ దాకా

ఫుట్‌బాల్ క్రీడలో గోలు కొట్టిన వాని పేరు పత్రికలలో వస్తుంది. ఆ గోలుకు దారి చూపినవాడు తరచుగా మరుగున పడతాడు. ఈ రెండు పనులనూ సమానంగా నిర్వహించిన అరుదైన ఫార్వర్డు తులసీదాస్ బలరాం.

బలరాం 1936లో సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టేవానిచేత మరమ్మతు చేయించుకొని ఆడాడు. హైదరాబాదు పోలీసు జట్టును, జాతీయ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఈ యువకుని ప్రతిభను గుర్తించాడు. అయితే అమ్ముగూడ నుంచి నగరానికి రోజూ వచ్చి సాధన చేయడానికి బలరాం వద్ద డబ్బు లేదు. అద్దె సైకిలు కోసం రహీం రోజుకొక రూపాయి ఇచ్చేవాడట! మన క్రీడాచరిత్రలో ఇంతకంటె సార్థకమైన రూపాయి మరొకటి ఉంటుందని తోచదు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. అక్కడ మన జట్టు నాలుగవ స్థానం పొందింది. మరుసటి ఏడాది ఆయన కలకత్తాకు వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు. 1961లో ఆ జట్టుకు నాయకత్వం వహించి, 23 గోలులతో కలకత్తా లీగ్ విజేతగా నిలిపాడు.

ఆయన ఆటలోని విశిష్టత ఏమిటి? గోదావరి లంకలలో కబడ్డీ ఆడేవారికి ఇది సులభంగా బోధపడుతుంది. కూతకు వెళ్ళినవాడు ఎదుటివారి చేతులను కాక కాళ్ళ కదలికను గమనించి, ఎక్కడ సందు ఏర్పడుతుందో ముందే పసిగడతాడు. బలరాం బంతి రాకముందే అటువంటి ఖాళీని కనిపెట్టేవాడు. ఎడమ పక్కన గాని, మధ్యలో గాని, ఏ స్థానంలో నిలిపినా ఇమిడిపోయేవాడు. తనకంటె అనువైన చోట సహచరుడు ఉంటే బంతిని అతనికే అందించేవాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాంల త్రయం ఆనాటి భారత జట్టుకు ప్రాణం.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, ఫ్రాన్సు, పెరూ జట్లతో మనకు పోటీ పడింది. హంగరీ చేతిలో 1-2తో ఓడినప్పుడు మన ఏకైక గోలు బలరాంది. ఫ్రాన్సుతో ఆట 1-1గా ముగిసింది. ఆ గోలు బెనర్జీది. పెరూపై ఓడిన ఆటలోనూ మన గోలు బలరాందే. ఆ హంగరీయే చివరకు కాంస్య పతకం గెలుచుకొన్నదని గుర్తుంచుకొంటే, ఆ ఓటమి విలువ తెలుస్తుంది.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో జపానుపై ఆయన ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన అంతిమ పోటీలో, స్థానిక ప్రేక్షకులు ఎగతాళి చేస్తున్నా, భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం సాధించింది. ఆ ఏడాదే ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

అంతలోనే ఊపిరితిత్తుల వ్యాధి సోకింది. 1963లో, ముప్పై ఏళ్ళు నిండకముందే, ఆట విరమించవలసి వచ్చింది. రహీం కూడా అదే సంవత్సరం కన్నుమూశాడు. తరువాతి కాలంలో గోస్వామికి, బెనర్జీకి పద్మశ్రీ లభించింది. బలరాంకు లభించలేదు. హుగ్లీ తీరాన ఉత్తరపారాలో ఒంటరిగా జీవించిన ఆయన 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో, ఎనభై ఆరేళ్ళ వయస్సులో మరణించాడు.