మీకు తెలుసా? మూసీ ఒడ్డున ఎండాకాలంలోనూ పచ్చగడ్డే!

హైదరాబాద్ శివారులోని అన్నోజిగూడ పేరు చివరనున్న ‘గూడ’ చిన్న పల్లెను చెప్పే మాట. ఇప్పుడు దాని పక్కనే వరంగల్ హైవే, పోచారం ఐటీ భవనాలు.

కాస్త దక్షిణానికి వెళ్తే మూసీ నది. నడి వేసవిలోనూ అది పారుతూనే ఉంటుంది, నగరం వదిలే మురుగునీటి పుణ్యమా అని! ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ రైతులు కత్వలు (చిన్న ఆనకట్టలు), కాలువల ద్వారా ఆ నీళ్లతోనే వరి పండించారు. ఎగువన పీర్జాదిగూడ వైపు వరి తగ్గి పారాగడ్డి పెరిగింది. ఒకసారి నాటితే చాలు, కోసినకొద్దీ చిగురిస్తుంది. కొడవలితో కోసి, మోపులు కట్టి, నగరంలో బర్రెలు సాకేవాళ్లకు అమ్ముతారు. అంటే ఆ బర్రెల పాలతో కాచే హైదరాబాదీ చాయ్‌కి ఈ మురుగునీటితో చుట్టరికం ఉందన్నమాట!

ఈ గడ్డి పుట్టిల్లు ఆఫ్రికా. పేరు మాత్రం బ్రెజిల్‌లోని పారా రాష్ట్రానిది.