టెలికాం సంస్థ మూతపడితే నంబరు ఎవరిది?

2018 ఫిబ్రవరి నెలాఖరులో ఎయిర్‌సెల్ సంస్థ దివాలా ప్రక్రియ కోరుతూ ముంబయిలోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించింది. అప్పటికే అనేక చోట్ల ఆ సంస్థ సిగ్నళ్లు నిలిచిపోయాయి. నంబరు మార్చుకోకుండానే మరో సంస్థకు మారే హక్కు వినియోగదారులకు ఉంది. అయితే ఆ హక్కును వాడుకోవాలంటే 1900కు ఎస్‌ఎంఎస్ పంపి, బదులుగా వచ్చే ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్‌ను అందుకోవాలి. సిగ్నలే లేని ఫోన్ నుంచి ఎస్‌ఎంఎస్ ఎలా వెళుతుంది? చివరకు నియంత్రణ సంస్థ ట్రాయ్ జోక్యం చేసుకుని, ఏప్రిల్ 15 వరకు పోర్టింగ్‌కు వీలు కల్పించాలని ఎయిర్‌సెల్‌ను ఆదేశించాల్సి వచ్చింది. అప్పటికీ మారని వారి కోసం మరుసటి ఏడాది మళ్లీ అవకాశమిచ్చి, 2019 అక్టోబరు 31ని తుది గడువుగా ప్రకటించింది. నాటి వార్తల ప్రకారం సుమారు 7 కోట్ల నంబర్లు ఇంకా మిగిలే ఉన్నాయి.

మూతపడిన సంస్థతో ముడిపడినవారు ఈ ఆలస్యంగా మేలుకున్న వినియోగదారులు మాత్రమే కాదు. ఎప్పుడో ఎయిర్‌సెల్‌లో నంబరు తీసుకుని, 2012లోనో 2015లోనో వేరే సంస్థకు పోర్ట్ అయినవారూ ఉన్నారు. వారి బిల్లు మరో కంపెనీకే వెళుతుంది, సిమ్ కూడా ఆ కంపెనీదే. నంబరు మాత్రం ఎయిర్‌సెల్‌కు కేటాయించిన వరుసలోది. ఆ వరుసకు హక్కుదారైన సంస్థే లేకుండా పోయాక ఆ ఫోన్ ఎలా మోగుతోంది?

నంబర్లను టెలికాం శాఖ ఒక్కొక్కటిగా ఇవ్వదు, బ్లాకులుగా కేటాయిస్తుంది. పదంకెల నంబరులో మొదటి నాలుగు అంకెలు స్థిరపడితే మిగిలిన ఆరింటితో 10 లక్షల నంబర్లు ఏర్పడతాయి. 9440తో మొదలయ్యే నంబరు కనబడగానే అది బీఎస్ఎన్ఎల్ అని తెలుగునాట ఒకప్పుడు చిన్నపిల్లలు సైతం చెప్పేవారు. ఎక్స్ఛేంజీల యంత్రాలూ అదే పద్ధతిలో, ముందున్న అంకెలను చూసి కాల్‌ను ఎటు పంపాలో నిర్ణయించేవి. 2010 నవంబరు 25న హరియాణాలో, 2011 జనవరి 20న దేశమంతటా పోర్టబిలిటీ మొదలయ్యాక ఆ పద్ధతి చెల్లకుండా పోయింది. 2015 జులై 3 నుంచి సర్కిళ్ల సరిహద్దు దాటినా నంబరు వెంట వస్తోంది.

ఇప్పుడు కాల్ చేసిన వ్యక్తి నెట్‌వర్క్, కాల్‌ను పంపే ముందే పోర్టింగ్ డేటాబేస్‌ను అడుగుతుంది. పిలిచిన నంబరు పోర్ట్ అయిందని తేలితే, ప్రస్తుతం అది ఏ నెట్‌వర్క్‌లో ఉందో తెలిపే రూటింగ్ సంకేతాన్ని ముందు జతచేసి నేరుగా అక్కడికే పంపుతుంది. మధ్యలో పాత సంస్థ ప్రమేయం లేదు. ఉత్తరం పాత ఇంటికి వెళ్లి అక్కడివారు చేయి మారిస్తే చేరే ఏర్పాటు కాదిది. కొత్త చిరునామా తపాలా కార్యాలయంలోనే రాసి ఉంటుంది. కనుక పాత ఇల్లు కూలినా ఉత్తరం ఆగదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ కాల్ ముందుగా నంబరు మొదట కేటాయించిన సంస్థకు చేరి, అక్కడి నుంచి కొత్త సంస్థకు మళ్లేది. 2001లో అట్లాంటిక్ టెలికాం కుప్పకూలినప్పుడు ఈ పద్ధతిలోని బలహీనత బయటపడింది. ఉమ్మడి డేటాబేస్ ఏర్పాటు చేయాలని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2007లో నిర్ణయించినా, మొబైల్ సంస్థలు అప్పీలుకు వెళ్లగా 2008లో ట్రైబ్యునల్ ఆ నిర్ణయాన్ని పక్కనపెట్టింది. భారత్ ఆలస్యంగా మొదలుపెట్టడం ఈ ఒక్క విషయంలో కలిసివచ్చిందనే చెప్పాలి.

బ్లాకును వదులుకునే ప్రక్రియకు అమెరికాలో వివరమైన నియమాలున్నాయి. అక్కడ 10 వేల నంబర్ల వరుసను వెయ్యేసి నంబర్ల బ్లాకులుగా విడగొట్టి సంస్థల మధ్య పంచుతారు. ఒక సంస్థ తన బ్లాకులో పది శాతం వరకు నంబర్లు వాడుకలో ఉన్నా, ఆ బ్లాకును ఉమ్మడి నిల్వకు తిరిగి ఇవ్వవచ్చు. వాడుకలో ఉన్న ఆ కొద్ది నంబర్లను ముందుగా డేటాబేస్‌లో తన పేరుతోనే పోర్ట్ చేసుకుంటుంది. బ్లాకు ఇంకొకరికి వెళ్లినా ఆ వినియోగదారులు యథాతథంగా కొనసాగుతారు. విచిత్రమేమిటంటే, ఇలాంటి బ్లాకును పరిశ్రమ పరిభాషలో ‘కలుషిత’ బ్లాకు అంటారు. నంబరు ఒక మనిషి చేతికి చేరడమే ఆ భాషలో కాలుష్యం.

సంస్థ పూర్తిగా నిష్క్రమించినా, దాని వరుస నుంచి పోర్ట్ అయిన నంబర్లు ఒక్కటి వాడుకలో ఉన్నా ఆ వరుసను రద్దు చేయరు. దాని బాధ్యత తీసుకునే మరో సంస్థను వెతుకుతారు. ఖాళీ నంబరుకు వచ్చిన కాల్‌కు ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అని చెప్పేందుకైనా ఒక యజమాని ఉండాలి కదా. పైగా పోర్ట్ అయిన నంబరును వినియోగదారుడు వదులుకుంటే, అది బ్లాకు హక్కుదారు వద్దకే తిరిగి చేరుతుంది.

భారత నిబంధనల్లోనూ ఈ తిరుగు ప్రయాణం ఉంది. పోర్ట్ అయిన నంబరు శాశ్వతంగా రద్దయితే, దాన్ని ఆఖరున వాడిన సంస్థ అట్టిపెట్టుకోకూడదు. వరుసను మొదట పొందిన సంస్థకు అప్పగించాలి. నంబర్లు ఏ సంస్థకూ సొంత ఆస్తి కావు. కేటాయించే అధికారం, వెనక్కి తీసుకునే అధికారం టెలికాం శాఖవే. విలీనాల్లో ఈ చిక్కు తలెత్తదు. 2018లో వొడాఫోన్, ఐడియా కలిసినప్పుడు, 2019లో టాటా మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో చేరినప్పుడు నంబర్ల వరుసలూ వినియోగదారులతోపాటే మారాయి. ఎవరూ 1900కు సందేశం పంపనక్కర్లేకపోయింది. కొనేవారు లేక మూతపడిన సంస్థల విషయంలోనే అసలు కష్టం. 2014లో లైసెన్సు గడువు ముగిసిన ముంబయిలోని లూప్ మొబైల్ వినియోగదారులు, 2017 చివర్లో వాయిస్ సేవలు ఆపేసిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ వినియోగదారులు ఎవరికి వారే బయటపడాల్సి వచ్చింది.

యూనిఫైడ్ లైసెన్సు షరతుల ప్రకారం సేవలు విరమించదలచిన సంస్థ ప్రభుత్వానికి 60 రోజులు, వినియోగదారులకు 30 రోజులు ముందుగా నోటీసు ఇవ్వాలి. నిజానికి వినియోగదారుడి చేతిలో ఉండే సమయం ఆ 30 రోజులే. నెట్‌వర్క్ అంతకు ముందే కుంటుపడితే ఆ గడువు కాగితానికే పరిమితమవుతుంది. ఎయిర్‌సెల్ విషయంలో జరిగింది అదే. కాబట్టి నోటీసు అందిన రోజే, సిగ్నల్ ఉండగానే కోడ్ తీసుకోవడం మంచిది. 2019 డిసెంబరు 16 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం సర్కిల్ లోపల పోర్టింగ్ మూడు పనిదినాల్లో, సర్కిల్ మారితే ఐదు పనిదినాల్లో పూర్తికావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నేటికీ ఒకే టెలికాం సర్కిల్ కనుక విజయవాడ నంబరుతో హైదరాబాద్‌లో పోర్ట్ కోరినా మూడు రోజుల లెక్కే వర్తిస్తుంది. కోడ్ గడువు చాలా ప్రాంతాల్లో నాలుగు రోజులే. పోస్ట్‌పెయిడ్ బకాయి ఉంటే కోడ్ రాదు. ప్రీపెయిడ్ ఖాతాలో మిగిలిన సొమ్ము కొత్త సంస్థకు బదిలీ కాదు.

గడువు దాటిన నంబరు శాశ్వతంగా ఖాళీగా ఉండిపోదు. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదన్నది నియమం. ఆ తర్వాత అది కొత్తవారికి వెళ్లవచ్చు. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు అప్పటికీ పాత నంబరే జతచేసి ఉంటే ఓటీపీలు ఆ కొత్త వ్యక్తి ఫోన్‌కే చేరతాయి.