ఒకటవ తరగతిలో ఒక వారం

మా పావగడ తాలూకాను పటములో చూచినవారికి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. పేరుకు తుమకూరు జిల్లాలో ఉన్నదే గాని, మూడు వైపులా ఆంధ్రదేశమే. అందువల్ల మాకు ఇంట్లో తెలుగు, కచేరిలో కన్నడం. సంతలో బేరం తెలుగులో మొదలై, రసీదు వ్రాసేసరికి కన్నడమవుతుంది. పెద్దవాళ్ళకు ఇది కష్టమనిపించదు. రెండు చేతులతో పని చేసినట్టే రెండు భాషలతో కాలం జరుపుకుంటారు. కాని ఆరేండ్ల పిల్లకు ఆ రెండవ చేయి మొదటిసారి కావలసి వచ్చేది ఒకటవ తరగతిలో. అది ఎట్లా వస్తుందో మొన్న ఆషాఢమాసంలో వారం రోజులు దగ్గర కూర్చొని చూచే అవకాశం మాకు కలిగింది.

అవకాశమంటే మరేమీ కాదు, కాలు బెణికింది. ఆఫీసు మెట్లు ఎక్కలేక సెలవు పెట్టినాము. మా ఇంటికి ఎదురుగానే సర్కారు బడి. అందులో మా చిన్నమ్మాయి ఒకటవ తరగతి. ఇంట్లో దాని నోటికి తాళం వేసేవారు లేరు. వాళ్ళ అవ్వతో వాదం, పిల్లితో వాదం, మిద్దెమీద చెనక్కాయలు ఎండబోస్తే కాకులతో వాదం. అటువంటి పిల్ల, బడి తెరచి ఆరు వారాలైనా అక్కడ పెదవి విప్పలేదట. పక్కింటి పిల్లవాడు వచ్చి, "మీ పాప బడిలో మూగదంట గదా మామా" అన్నాడు. ఆ మాటకు మా ఇంటావిడకు కళ్ళనీళ్ళు వచ్చినవి. టౌనులో ఇంగ్లీషు బడి ఉన్నది, వ్యాను ఊరిలోకే వస్తుంది, అందులో వేద్దామన్నది. మేమూ సరేనని టి.సి. కోసం మంచి కన్నడంలో ఒక అర్జీ వ్రాసినాము. గుమాస్తా చేతికి అర్జీ వ్రాయడమెంతసేపు! సంతకమొక్కటే మిగిలింది.

పంతులమ్మగారు ఆ సంగతి విని, "అట్లే చేయండన్నా. సంతకం పెట్టేముందు వారం దినాలు మా వరండాలో కూర్చొని చూడండి" అన్నారు. ఆమెది గుబ్బి వైపు, ఇంటిభాష కన్నడం. ఇక్కడికి బదిలీ అయి వచ్చిననాడు తెలుగు ముక్క రాదు. ఇప్పటికి మూడేండ్లు; పిల్లల దగ్గర నేర్చుకున్న తెలుగు కనుక అందులో వ్యాకరణం తక్కువ, ప్రేమ ఎక్కువ.

"మూగది" అన్న మాట మమ్మల్ని అంతగా నొప్పించడానికి ఒక కారణమున్నది. నలభై ఏండ్ల క్రిందట మేము బడిలో చేరిననాడు ఒక మేష్ట్రుగారు "నిన్న హెసరేను?" అని అడిగినారు. నీ పేరేమి అని దానికి అర్థం. మాకు అందులో తెలిసిన మాట ఒక్కటే, "నిన్న". నిన్న ఏమి చేసినావని అడుగుతున్నారు కాబోలుననుకొని, "నిన్న సంతకు పోయినాము సార్" అన్నాము. పెద్ద తరగతి పిల్లలు పకపకా నవ్వినారు. మేష్ట్రుగారు నవ్వలేదు. వెటకారం చేస్తున్నామనుకొని బెత్తంతో అరచేతిమీద రెండు వేసినారు. తరువాత ఆ ఏడాదంతా మేము నోరు తెరవలేదు. మందమతి అని పేరు పడింది. లెక్క వచ్చినా చెప్పేవాళ్ళం కాము. చెప్పిన మాట ఎక్కడికి తిరుగుతుందోనని భయం. ఆ పేరు మూడవ తరగతి దాకా వెంట నడిచింది.

ఇప్పటి ఒకటవ తరగతి మేము చదివినట్టిది కాదు. బెంచీలు లేవు. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు, అందరూ కలిసి ఇరవైముగ్గురు, ఒకే గదిలో చాపలమీద గుంపులుగా కూర్చుంటారు. గోడల అడుగుభాగానికి నల్లరంగు పూసి పిల్లల చేతికందే ఎత్తులో బోర్డు చేసినారు. పైన దారాలతో చప్పరంలాగ అల్లి, దానికి పిల్లలు వేసిన బొమ్మలు వ్రేలాడదీసినారు. పాఠమంతా కార్డుల మీద ఉంటుంది. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. గోడమీద నిచ్చెనలాగ ఆ గుర్తుల వరుస. తాను ఏ మెట్టు మీద ఉన్నదో చూచుకొని, పిల్ల తన కార్డు తానే తీసుకొని తగిన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు పంతులమ్మ పూర్తిగా చెప్పాలి, ఒక గుంపుకు కొంచెం చెపితే చాలు. ఒక చోట తోటిపిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒక చోట ఎవరంతట వారే. నాలుగు దినాలు రాకపోయినా విడిచిన మెట్టు నుంచే మళ్ళీ మొదలు. చెనక్కాయ విత్తే రోజుల్లో ఇది ఎంత మేలో రైతు ఇండ్లవారికి చెప్పనక్కరలేదు.

దీనిని "నలి-కలి" అంటారు. ఆడుతూ నేర్చుకో అని అర్థం. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో యూనిసెఫ్ సహాయంతో మొదలై, 2009-10లో రాష్ట్రంలోని కన్నడ మాధ్యమ సర్కారు ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వచ్చింది. కాని దీని పుట్టిల్లు కన్నడదేశం కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపట్ల పల్లెల్లో, ఒకే ఉపాధ్యాయుడుండే చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఈ కార్డులు, ఈ నిచ్చెన తయారు చేసినారు. కోట తాలూకా ఉపాధ్యాయులు పోయి చూచి తమ ఊరికి తెచ్చుకున్నారు. తెలుగు పల్లెపిల్లల కోసం పుట్టినది మైసూరు చుట్టు తిరిగి, కన్నడం నేర్చుకొని, మళ్ళీ తెలుగు పిల్లల దగ్గరికే వచ్చిందన్నమాట. ఇది విన్నప్పుడు మాకు కొంచెం గర్వం కలిగింది, దాచడమెందుకు!

అక్షరాలు కూడా అ, ఆ వరుసన రావు. మొదట ర, గ, స, ద, అ. ఈ ఐదు వస్తే సర, దసర, అరస, గరగస అని మాటలు కట్టవచ్చు. అరస అంటే రాజు, గరగస అంటే మన రంపం. ఇందులో మాకు ఇంకొక వింత తోచింది. ఈ ఐదక్షరాలు తెలుగులోనూ దాదాపు అట్లే ఉంటవి, తలకట్టులోనే తేడా. క, త దగ్గరికి పోతే గాని రెండు లిపులు వేరుపడవు. మా అమ్మ పిల్ల పలక చూచి, "ఇది మన ద యే గదనే!" అన్నది.

సోమవారం నాడు పంతులమ్మగారు కొత్త పిల్లవాణ్ణి ఒకణ్ణి ఎదుట కూర్చోబెట్టుకున్నారు. తల్లిదండ్రులతో బెంగళూరు కూలికి పోయి ఆలస్యంగా చేరినవాడు. ఆమె కార్డు చూపి "ర... ర..." అని సాగదీసినారు. వాడు లేచి వెళ్ళి ఆమె ఒడిలో కూర్చున్నాడు. రమ్మని పిలిచినారనుకున్నాడు! ఆమె నవ్వి, వాణ్ణి దించకుండానే వాని వేలు పట్టి అక్షరం దిద్దించినారు.

మా పిల్ల మాత్రం గోడవార కూర్చున్నది. కార్డులన్నీ చేతితో సరిగానే చేస్తుంది. నోరు కదపదు. మంగళవారం అందరూ కలిసి అంకెలు చదివినారు. ఒందు, ఎరడు, మూరు, నాల్కు అని గది మోగిపోతున్నా ఆ మూల నుంచి శబ్దం లేదు. "ఐదు, ఆరు" అనేసరికి మా అమ్మాయి గొంతు స్పష్టంగా వినబడింది. "ఏళు, ఎంటు" అనేసరికి మళ్ళీ మాయం. ఐదు, ఆరు రెండు భాషలకూ ఒకటే గదా. దారిలో తన ఇంటివాళ్ళు ఎదురైతే పలకరించి, తక్కినవారు కనబడితే తల వంచుకొని పోతున్నట్టుంది దాని వరుస.

అసలు సంగతి బుధవారం బయటపడింది. ఇక్కడ బడిపిల్లలకు 2013 ఆగస్టు నుంచి పాలు ఇస్తున్నారు. పొడితో కలిపి తలకు 150 మిల్లీలీటర్లు. 2024 ఫిబ్రవరిలో వారానికి మూడు దినాలు అందులో రాగి మాల్టు కలిపే ఏర్పాటు కూడా వచ్చింది. పాల గ్లాసు ఎడమచేత పట్టుకొని మా పిల్ల ఊరికే కూర్చున్నది. పంతులమ్మగారు "కుడి" అన్నారు. కన్నడంలో తాగు అని అర్థం. మన పాత తెలుగులో కుడుచు అనే మాట లేదూ, దాని చుట్టమే. పిల్ల గ్లాసు కుడిచేతిలోకి మార్చుకున్నది. "కుడి, కుడి" అని ఆమె మళ్ళీ అన్నారు. పిల్ల కుడిచేయి ఇంకా పైకెత్తి చూపింది. ఆమె విసుగుతో లేవబోతుంటే రెండవ తరగతి పిల్ల ఒకతె, "మిస్, తెలుగినల్లి కుడి అందరె బలగై" అన్నది. తెలుగులో కుడి అంటే ఇదే చేయి అని తన చేయి చూపింది.

పంతులమ్మగారు అక్కడే చాపమీద కూలబడినారు. కొంచెంసేపటికి వరండా వైపు తిరిగి, "ఈ పిల్ల వినడం లేదనుకున్నానన్నా. ఆరు వారాలుగా వింటానే ఉండాది. తెలుగులో వింటా ఉండాది" అన్నారు.

తరువాత ఆమె కార్డులన్నీ పక్కన పెట్టి ఒక ఆట మొదలుపెట్టినారు. మీ పాలు మా హాలు, మీ పులి? "హులి!" అన్నారు పెద్దపిల్లలు. పువ్వు? "హూవు!" కన్నడంవారికీ వెనుకటి కాలంలో పాలే, హళగన్నడం దాటి వచ్చేసరికి ఆ ప కారం హ అయింది. ఇది పండితులు చెప్పే సంగతి, ఒకటవ తరగతిలో ఆట. "పండు?" అన్నారు. గోడవార నుంచి "హండు" అని వచ్చింది. హణ్ణు అనాలి. అయినా పంతులమ్మగారు తప్పు అనలేదు. "హణ్ణు, హణ్ణు" అని తాను రెండుసార్లు అన్నారు, పిల్ల మూడవసారి అన్నది. మధ్యాహ్నం భోజనం దగ్గర మా పిల్ల గిన్నెలోకి చూచి "హప్పు!" అని కేక వేసింది. పప్పును కన్నడంలో బేళె అంటారు. వంటమనిషితో సహా అందరూ నవ్వినారు. అదీ నవ్వింది.

ఆ రాత్రి మా ఇంటావిడ, "అయితే తెలుగులోనే చెప్పకూడదా?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చినారు. అంతకు ముందే, 1949లో, విద్యామంత్రుల సభ ఒక లెక్క కట్టింది. బడి మొత్తంలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుని ఇవ్వవలెనని. కాగితాల మధ్య బ్రతికేవాళ్ళం కనుక మాకు ఇవి తెలుసు. కాని మా ఊరిలో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. పై చదువు కన్నడం, ఉద్యోగం కన్నడం. ఆ కన్నడమే మాకు అన్నం పెడుతున్నది, దానిని కాదనము. పిల్లకు కన్నడం రావాలి. వచ్చేలోపల అది మూగది కాకూడదు. ఇంగ్లీషు బడిలో వేస్తే ఏమవుతుంది? మూడవ భాషలో నోరు మూసుకుంటుంది. ఈ మాట అంటే మా ఇంటావిడ బదులు చెప్పక దీపమార్పింది.

గురువారం వాన. విత్తనాలకని సగంమంది రాలేదు. వచ్చినవారు బొమ్మలు వేసినారు. ఒక పిల్లవాడు కాగితం నిండా నల్లని చదరాలు గీస్తే, ఇన్ని బోర్డులు ఎందుకురా అని పంతులమ్మగారు అడిగినారు. బోర్డులు కావు, సోలారు పలకలు. వాళ్ళ తాతగారి ఊరు తిరుమణి వైపు. అక్కడ 13 వేల ఎకరాల్లో 2050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం ఉన్నది. ఆ పిల్లవాడి కంటికి పొలమంటే అదే. మిగిలిన పొద్దంతా పంతులమ్మగారు ఫోనులో హాజరు, పాలు, గుడ్లు లెక్కలు ఎక్కిస్తూ కూర్చున్నారు. ముగ్గురు మనుషుల పని ఒకరి చేత చేయించే విద్య మా ఆఫీసులోనే ఉన్నదనుకున్నాము, బడిలోనూ ఉన్నది.

శుక్రవారం పైనుంచి ఒకాయన బడి చూడవచ్చినారు. మంచి మనిషే. పిల్లల మధ్య కూర్చొని, బెంగళూరు నుంచి వచ్చిన ఆ కొత్తవాణ్ణి దగ్గరకు తీసుకొని, "నిన్న హెసరేను?" అని అడిగినారు. వరండాలో మా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. వాడు కన్నులు పెద్దవి చేసి, "నిన్న... నిన్న మేము..." అని మొదలుపెట్టినాడు.

"నిన్న అంటే నిన్న కాదురా. నీది అని. నీ పేరు చెప్పు!"

అది మా అమ్మాయి గొంతు. తెలుగే మాట్లాడింది. అయినా ఆ గదిలో అది పలికిన మొదటి పూర్తి వాక్యం అదే. కుర్రవాడు పేరు చెప్పినాడు. వచ్చినాయన "శభాష్" అన్నారు. ఎవరినన్నారో మాకు తెలియలేదు. మేము కళ్ళజోడు తీసి తుడుచుకున్నాము.

ఇంతటితో దానికి కన్నడం వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. పంతులమ్మగారు నేరుగా అడిగితే ఇప్పటికీ తల వంచుకుంటుంది. ఆ రెండవ తరగతి పిల్ల పక్కన ఉంటేనే ధైర్యం.

శనివారం ఒంటిపూట బడి. పావగడ శనిమహాత్ముని గుడికి పోయే జనంతో బస్సులు కిటకిటలాడుతుంటే, మా పిల్ల రోడ్డు దాటి వచ్చి, అవ్వను గోడవార కూర్చోబెట్టి తాను పంతులమ్మ అయింది. లోటాలో మజ్జిగ పోసి "కుడి" అన్నది. అవ్వ లోటా కుడిచేతిలోకి మార్చుకున్నది. తెలియక మార్చిందో, మనుమరాలి ముచ్చట కోసం మార్చిందో మేము అడగలేదు.

ఆదివారం బల్లసొరుగులో టి.సి. అర్జీ కోసం వెదికినాము. సంతకం చోటు అట్లే ఉన్నది. వెనుకవైపు ఖాళీగా ఉండెను గదా, అక్కడ పెన్సిలుతో గరగస, గరగస అని నాలుగుసార్లు వ్రాసి ఉన్నది. రెండింటికి కన్నడ తలకట్టు, రెండింటికి అవ్వ నేర్పిన తెలుగు తలకట్టు.