ఎడ్మంటన్‌కి తూర్పున ఒక ఉక్రెయిన్

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, ఎడ్మంటన్ నుంచి తూర్పుకి కారులో ఓ గంట వెళితే వెగ్రెవిల్ అనే చిన్న పట్టణం వస్తుంది. అక్కడ అల్యూమినియం రేకులతో చేసిన బ్రహ్మాండమైన గుడ్డు ఒకటి గాలివాటానికి తిరుగుతూ ఉంటుంది. ఈస్టర్‌కి ఉక్రెయిన్ ఇళ్లలో గుడ్డు పెంకు మీద మైనంతో ముగ్గులు గీసి, రంగుల్లో ముంచి తీసే పిసాంకాకి అది పెద్ద నమూనా. కెనడా మౌంటెడ్ పోలీసు దళం శతజయంతి గుర్తుగా 1970ల్లో దాన్ని నిలబెట్టారు. అంతకు అరవై ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల తాతలు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. ఈ అరవై ఏళ్లలో ఏం జరిగిందన్నదే అసలు కథ.

1891లో ఇవాన్ పిలిపివ్, వసిల్ ఎలెన్యాక్ అనే ఇద్దరు రైతులు నెబిలివ్ గ్రామం నుంచి కెనడాలో దిగారు. ఆ గ్రామం ఉన్న గలీషియా అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉండేది. అన్నదమ్ముల పంపకాల్లో పొలాలు చీలికలైపోయిన చోటు అది. కెనడాలోనేమో 10 డాలర్లు కడితే 160 ఎకరాలు. ఇల్లు కట్టుకుని సాగు చేస్తే పట్టా. ఒసిప్ ఒలెస్కివ్ అనే వ్యవసాయ పండితుడు 1895లో కెనడా వెళ్లి స్వయంగా చూసొచ్చి, ఆ సంగతులు చిన్న పుస్తకంగా అచ్చు వేశాక వలస ఊపందుకుంది. 1914 నాటికి లక్షా డెబ్భై వేల మంది దాకా వచ్చారు. తొలి చలికాలం చాలామందికి నేలలో గొయ్యి తవ్వి, పైన దుంగలూ మట్టిపెళ్లలూ కప్పిన గుడిసెల్లోనే గడిచింది.

వాళ్లు చెల్లాచెదురు కాలేదు. బంధువుల పక్కన, సొంతూరి వాళ్ల పక్కన భూమి అడిగి తీసుకున్నారు. ఊరూరా చదువుకునే హాళ్లు లేచాయి. పత్రికలు పైకి చదివి వినిపించడం, నాటకాలు, పెళ్లిళ్లు, అప్పుల పంచాయతీలు, అన్నీ ఆ హాల్లోనే. చాలామంది గలీషియన్లుగానో, దాని పక్కనున్న బుకోవినా పేరున బుకోవినియన్లుగానో ఓడ దిగి, ఈ హాళ్లలో కూర్చున్నాకే ఉక్రెయినియన్లమని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. కాగితాల మీద ఆస్ట్రియా పౌరులు కాబట్టి 1914లో ఒక్కసారిగా శత్రుదేశస్థులయ్యారు. కెనడా మొత్తం 8,579 మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది; వాళ్లలో ఎక్కువమంది ఉక్రెయినియన్లే. ఇవాళ పర్యాటకులు ఫొటోలు దిగే బాన్ఫ్‌లో వీళ్లచేత రోడ్లు వేయించారు. మరో ఎనభై వేల మంది పేర్లు నమోదు చేయించుకుని తిరగాల్సి వచ్చింది. 1916లో మనిటోబా రాష్ట్రం, ఉక్రెయిన్ భాషలోనూ చదువు చెప్పే తన ద్విభాషా బడులను రద్దు చేసింది. 1917లో కేంద్రం శత్రుదేశాల్లో పుట్టి ఇటీవలి కాలంలో పౌరసత్వం తీసుకున్న చాలామందికి ఓటు తీసేసింది. అదే 1917లో ఫిలిప్ కొనోవాల్ అనే ఉక్రెయిన్ సైనికుడు కెనడా సైన్యంలో పోరాడి విక్టోరియా క్రాస్ సంపాదించాడు. అతను పుట్టిన ఊరు రష్యా ఏలుబడిలో ఉండటమే తేడా. శిబిరాల్లో పెట్టిన ఆ నిర్బంధాన్ని పార్లమెంటు చట్టరూపంలో గుర్తించింది 2005లో.

బడిలో తమ భాషకి చోటు పోయాక వాళ్లు చేసిన పని నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది: హాస్టళ్లు పెట్టారు. 1916లో సస్కటూన్‌లో పెట్రో మోహిలా పేరిట మొదలైన విద్యార్థి నివాసంలో పల్లెల పిల్లలు ఉండి ఇంగ్లీషు చదువు చదివారు, సాయంత్రాలు సొంత భాష నేర్చుకున్నారు. అలాంటి చోట్ల నుంచి టీచర్లు, లాయర్లు వచ్చారు. 1926లో వెగ్రెవిల్ నియోజకవర్గం ఉక్రెయిన్ మూలాలున్న మైకేల్ లుచ్కోవిచ్‌ని పార్లమెంటుకి పంపింది. అంతా ఒక్క మాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు. చర్చి వర్గాలు చీలాయి, కమ్యూనిస్టు హాళ్లకీ జాతీయవాద హాళ్లకీ పడేది కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన శరణార్థులతో ఆ పగలు ఇంకా ముదిరాయి. హిట్లర్ పక్షాన పోరాడిన ఒక వృద్ధుణ్ణి 2023లో కెనడా పార్లమెంటు లేచి నిలబడి అభినందించి తలదించుకుందంటే, ఆ చరిత్ర ఇంకా తెమల్లేదన్నమాట.

1960ల్లో కెనడా ఇంగ్లీషు, ఫ్రెంచి సంస్కృతుల దేశమా అని కమిషన్ వేసి చర్చిస్తుంటే, 1964లో ఉక్రెయిన్ మూలాలున్న సెనేటర్ పాల్ యూజిక్ లేచి మిగతా మూడో వంతు జనం సంగతేమిటని నిలదీశాడు. 1971 అక్టోబరు 8న ప్రధాని పియెర్ ట్రూడో బహుళ సంస్కృతుల విధానం ప్రకటించి, మర్నాడే విన్నిపెగ్‌లో ఉక్రెయినియన్ల మహాసభలో మాట్లాడాడు. 1974లో ఎడ్మంటన్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషుతో పాటు ఉక్రెయిన్ భాషలోనూ బోధన మొదలైంది. టొరంటోలోనో కాల్గరీలోనో ఇవాళ మన పిల్లలకి ఉగాది సభలు, తెలుగు బడులు నడుపుకుంటున్నామంటే, ఆ వాతావరణం కోసం ముందు కొట్లాడినవాళ్లలో ఈ రైతుల మనవలున్నారు.

ఇంత చేసినా భాష నిలిచిందా అంటే, పెద్దగా నిలవలేదు. 2021 జనగణనలో పన్నెండున్నర లక్షల మందికి పైగా తమ మూలం ఉక్రెయిన్ అని రాశారు. ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్లు అందులో కొద్దిమందే. పట్నం ఉద్యోగాలు, బయటి సంబంధాలు, పిల్లల్ని బడిలో వెక్కిరిస్తారన్న భయం దాన్ని తినేశాయి. నాట్యానికి మాటలు అక్కర్లేదు కాబట్టి అది మాత్రం బతికింది. ఎడ్మంటన్‌లో 1959లో పుట్టిన షుమ్కా బృందం ఇప్పటికీ ఆడుతోంది. బంగాళాదుంప కూరిన పిరోహీలు ఇప్పుడు ఎవరి వంటకమో అడక్కుండానే ప్రెయిరీ మైదానాల్లో అందరూ తింటున్నారు.

2022 తర్వాత యుద్ధం తప్పించుకుని దాదాపు మూడు లక్షల మంది కొత్తగా వచ్చారు. వీళ్లలో ఇంట్లో రష్యన్ మాట్లాడే తూర్పు ప్రాంతాల వాళ్లూ ఉన్నారు. వీళ్లకి ఎదురయ్యే ప్రెయిరీ ముసలివాళ్ల నోట నూరేళ్ల కిందటి గలీషియా పల్లెల పలుకుబడి. మరో చిక్కు క్రిస్మస్‌తో వచ్చింది. రష్యాతో తెగతెంపుల్లో భాగంగా 2023లో ఉక్రెయిన్ పండగని జనవరి 7 నుంచి డిసెంబరు 25కి మార్చుకుంది. కెనడాలో మాత్రం చాలా కుటుంబాలు పన్నెండు వంటకాల విందుకి ఇంకా జనవరిలోనే బల్ల పరుస్తున్నాయి.