చించే దాకే ప్యాకెట్టు కాపలా



నెల్లూరు చేపల పులుసు రాత్రి వండి మరునాడు తింటేనే రుచి అంటారు మన పెద్దలు. చింతపండు పులుపు, ఉప్పు ఆ కూరను కొంతవరకు కాపాడతాయి. మరి ఆ తరువాత? గాలివానకు కరెంటు పోయి, ఫ్రిజ్ పని చేయకపోతే? పారబోస్తే డబ్బు నష్టం, పిల్లలకు పెడితే వాంతులు, విరేచనాల భయం. ఈ సందేహం మన తల్లులందరికీ తెలిసినదే.

2022లో ప్రపంచం మొత్తంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో తెలిపింది. అందులో 60 శాతం ఇళ్లలో పోయినదే. తొక్కలు, ముళ్లు కూడా కలుపుకుని, మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలు. ఈ నష్టాన్ని తగ్గించే కొత్త రకం ప్యాకెట్లు మన అంగళ్లలోకి వచ్చాయి. అవి ఎలా పని చేస్తాయో తెలిస్తేనే మనకు మేలు.

అట్టపెట్టె పాలు

ఈ పాలను 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు మాత్రమే వేడి చేసి, వెంటనే చల్లార్చి, క్రిములు లేని పెట్టెలో నింపుతారు. ఆ పెట్టెలో అట్ట, ప్లాస్టిక్, పలుచని అల్యూమినియం రేకు పొరలు ఉంటాయి. వెలుతురు, గాలి లోపలికి పోవు. అందుకే తెరవనంత వరకు ఫ్రిజ్ లేకుండానే కొన్ని నెలలు నిలుస్తాయి. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రోడ్డు, రైలు మార్గం తెగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పాల బండి రాని అలాంటి రోజుల్లో ఇవి ఆదుకుంటాయి.

అయితే పెట్టె కత్తిరించిన తరువాత అవి మామూలు పాలే. ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో వాడండి. ఫ్రిజ్ లేకపోతే కాచి ఆ పూటే ముగించండి. చిన్న పెట్టె కొంటే మిగిలేదే ఉండదు. ఆరు నెలల లోపు బిడ్డకు మాత్రం తల్లిపాలే పట్టండి.

పౌచ్‌లో చేపల కూర

1957లో ఏర్పడిన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపల కూరను పొరల పౌచ్‌లో నిల్వ చేసే పద్ధతిని అభివృద్ధి చేసింది. కూర నింపి, సీలు వేసి, పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటి యంత్రంలో సుమారు 121 డిగ్రీల వేడికి గురి చేస్తారు. ఇలా చేసిన కూర బయటే ఉంచినా ఏడాది వరకు నిలుస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఇంట్లో చిన్న మిషన్‌తో గాలి తీసేసి, కూర సీలు వేసి బయట ఉంచకండి. గాలి లేని చోటే పెరిగే బొటులిజం క్రిమి ఉంది. మామూలుగా ఉడికించినా దాని గింజ చావదు. అది వదిలే విషానికి వాసన ఉండకపోవచ్చు. చూపు రెండుగా కనబడడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం దాని గుర్తులు. ఇవి కనబడితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

ఎండుచేపలు

మైపాడు, ఇస్కపల్లి తీరాల్లో నెత్తళ్లు, రొయ్యలు ఎండబెట్టే కుటుంబాలకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలే శత్రువు. బుట్టలో, గోనెసంచిలో ఉంచిన చేప గాలిలోని చెమ్మ పీల్చి బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. పాలిస్టర్, పాలిథీన్ పొరలు అతికించిన కవరు ఆ చెమ్మను ఆపుతుంది. కాని చేప పూర్తిగా ఎండిన తరువాతే కవరులో వేసి సీలు చేయాలి. సగం ఎండినది వేస్తే లోపలి చెమ్మ బయటికి పోక ఇంకా త్వరగా చెడుతుంది.

బూజు పట్టిన చేపను, ఎర్రమచ్చలు వచ్చిన చేపను కడిగి మళ్లీ ఎండబెట్టి తినకండి. బి.పి., గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎండుచేపలోని ఉప్పును మరువకూడదు. మంచి కవరు చేపను కాపాడుతుంది గాని ఉప్పును తగ్గించదు.

గుర్తుంచుకోవలసినవి

1. "బెస్ట్ బిఫోర్" తేదీ రుచికి, నాణ్యతకు సంబంధించినది. అది దాటిన మరునాడే వస్తువు విషం కాదు. "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" తేదీ దాటితే మాత్రం తినకండి.

2. ఉబ్బిన, కారుతున్న, సీలు ఊడిన ప్యాకెట్టును రుచి చూడకుండానే పారవేయండి.

3. తెరిచిన రోజును కవరుపై పెన్నుతో రాయండి.

4. ఐసు లేక చెడిన కానగంతలు, సూరచేపలలో పుట్టే విషం ఎంత ఉడికించినా పోదు. వాటిని ఏ ప్యాకెట్టూ బాగు చేయలేదు.

5. వేడి బజ్జీలు, దోసెలు న్యూస్‌పేపరులో చుట్టకండి. సిరా ఆహారానికి అంటుతుంది.

6. ఖాళీ కవర్లను కాల్చకండి, సముద్రంలో వేయకండి.

ప్యాకెట్టు కాపలా చించే దాకే. చించిన తరువాత కాపలా కాయవలసింది మనమే. కావలసినంతే తెరవండి, తెరిచినది త్వరగా తినండి. అప్పుడు డబ్బు మిగులుతుంది, కడుపూ చల్లగా ఉంటుంది.